జొన్నపాతరలో దీపం

తిరుమలా,

జొన్నలు పోసిన నేలగొయ్యి, మన పాతర, మూత తీయకముందే ఇది చదువు. నాయన కూటికి కూర్చున్నప్పుడు మైనపువత్తి ముక్క వెలిగించి ఆయనెదుట పెట్టు. దానిమీద నా గాజుజాడీ బోర్లించు. మంట చిన్నదై తనంతట తానే ఆరిపోతుంది. ఎవరూ ఊదలేదు, అపశకునమూ కాదు, లోపలి గాలి చెడింది, అంతే. మళ్లీ చెయ్యమంటే మళ్లీ చేసి చూపించు.

తర్వాత పాతర తెరిచి, ప్రమిదను ఉట్టిలో పెట్టి తాడుతో అడుగుదాకా దించండి. ఈసారి వాననీళ్లు దిగి జొన్న ముక్కింది. ఆ గాలిలో దీపం బతకకపోతే మనిషీ బతకడు. ఆరితే మూత తీసే ఉంచి, మర్నాడు మళ్లీ దించి చూడండి.

నిన్న ఇదే చెప్తే నాయన ఏమన్నాడో విన్నావుగా. "ధాన్యలక్ష్మి ఉన్నచోట దీపం ఆరితే ఇల్లు నిలుస్తుందా? పాతరలోకి ముందు పెద్దకొడుకు దిగాలని నీ బీఏలో చెప్పలేదా?" నేను లేనని ఇప్పుడు ఆయనే దిగుతాడు. బడిపంతులు పనిలో రేపే చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. మదురైకి బండి కట్టేశారు. రాత్రంతా కన్ను మూతపడలేదు.

ఆడపిల్లవైన నీకు చదువు నేర్పినందుకు ఇంట్లో అందరూ నన్ను తిట్టారు. ఇవాళ పనికొచ్చేది అదే.

నీ అన్న,
అయ్యసామి

ఇంకొక మాట. దీపం ఆరితే ఆ కీడు నా పేరున వెయ్యమను. అప్పటికీ దిగుతానంటే నిచ్చెన తీసి గడ్డివాములో దాచు. తిట్లు నేనొచ్చి తింటాను.