బావిలో పడిన రికాబు

చిరంజీవి రూఫీనస్‌కు నాన్న ఆశీస్సులు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ దగ్గు తగ్గింది. డాన్యూబ్ ఒడ్డున చలికి ఆ ఉన్ని మేజోళ్ళు సరిపోతున్నాయో లేదో రాయి.

నువ్వు పదిమందికి నాయకుడివయ్యావన్న ముక్క మీ అమ్మ నాలుగుసార్లు చదివించుకుంది. ఐదోసారి ఎవరూ అడగకపోయినా నేనే చదివాను.

నువ్వు అడిగినదానికి జవాబు: గుర్రం సిద్ధంగా ఉంది. ఈస్టర్ తనిఖీనాటికి, జీనుకు వేలాడుతూ కాలు పెట్టి ఎక్కే రికాబులతో సహా గుర్రం చూపించకపోతే ముందువరుస పోయి, సామాను బళ్ళ వెంట నడవాలని రాశావు. ఆ అవసరం రాదు.

ఆ రికాబుల గురించి నీకొకటి చెప్పాలి. నది అవతలి అవారు తెగవాళ్ళ దగ్గర నువ్వవి కొనుక్కొచ్చిన రోజున, "మా కాలంలో రోమన్ సైనికుడు ఎగిరి గుర్రమెక్కేవాడు, నిచ్చెన వేసుకుని కాదు" అన్నాను. బీతస్ బాబాయి, "పనిలోపనిగా ఓ దాదిని కూడా కొనుక్కోకపోయావా?" అని నవ్వాడు. గుర్రం ఇంకా పిల్లదని నా దగ్గర వదిలి మర్నాడే వెళ్ళిపోయావు. నువ్వు మలుపు దాటగానే ఎడమ రికాబు ఊడదీసి బావిలో పారేశాను. ఇరవై రెండేళ్ళు దళం చిట్టా రాసినవాణ్ణి, ఇంటి చిట్టాలో ఆ రోజు ఈ సంగతి రాయలేదు.

నీ ఉత్తరం వచ్చాక కొక్కెం వేసి వెతికితే బురదే వచ్చింది. మిగిలినదాన్ని కమ్మరికి చూపించాను.

"ఒంటికాలి కడియం తెచ్చారేంటి దొరా, రెండోది ఏది?"

"అడక్కుండా కొట్టవయ్యా."

అతను చేసిన మొదటిది వంగింది. రెండోది విరిగింది. విరిగిందని ఎలా తెలిసిందంటావా? నేనే ఎక్కాను. పారసీకుడి ఈటె దెబ్బ తగిలాక ఆరేళ్ళుగా గుర్రమెక్కనిది మనసు లేక కాదురా, కాలు లేవక. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

మూడోది నిలిచింది. నలభై రోజులుగా రోజూ ఎక్కి తర్ఫీదిస్తున్నాను. మొన్న బీతస్ చూశాడు.

"ఏం అన్నయ్యా, నిచ్చెన ఎక్కావేం?"

"పక్కకి జరగరా, తొక్కేస్తుంది."

పరుగులోనే రికాబుల మీద లేచి నిలబడి, వెనక్కి తిరిగి బాణం వేశాను. గుంజకు తగిలింది. బీతస్ మర్నాడే వాళ్ళ అల్లుడికి ఒక జత చెయ్యమని కమ్మరి గుమ్మంలో కూర్చున్నాడు. నువ్వు చెప్పిందే సరైంది. అప్పుడే ఒప్పుకోవలసింది.

కుడిది నువ్వు కొన్నది, ఎడమది మన ఊళ్ళో చేసింది. తనిఖీలో అధికారి అడిగితే దాచకు.

ఈ ఉత్తరం టపావాళ్ళు నాకంటే ముందే చేరుస్తారు. గుర్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వను. ఎల్లుండి నేనే ఎక్కి బయల్దేరుతున్నాను. నీ పదిమంది ముందు నేను దిగేటప్పుడు మాత్రం చెయ్యి అందించకు.

ఇట్లు,
పదిమందికి నాయకుడైనవాడి నాన్న,
సిసిన్నియోస్