పిట్టకి తెలీకుండా పెట్టినవి

జూన్ 4

ఇవాళ కూడా పిట్ట మెట్ల మీద తూలి పడింది. ఈ వారంలో మూడోసారి. సాయంత్రం, లైట్లు ఇంకా వెయ్యలేదు. మోకాలు గీరుకుపోయినా ఏడవలేదు. మెట్టు కనపళ్ళేదు పిన్నీ అంది.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. రోజంతా ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తాను. చీకటి పడే వేళకి చూపు ఆనకపోతే విటమిన్ ఎ తక్కువని ఎప్పుడో విన్నాను. ఫోన్‌లో చూస్తే అక్కడా అదే రాసుంది.

పిట్టకి ఏడేళ్ళు. నేను దీని నాన్నని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చి పది నెలలు. దీని కళ్ళకేమైనా అయితే, కన్నతల్లి బతికుంటే ఇలా అయ్యేదా అంటారు. పైకి అనకపోయినా అనుకుంటారు.

జూన్ 6

క్యాప్సూల్స్ తెచ్చాను. పెద్దవాళ్ళవి. మందుల షాపులో చీటీ అడగలేదు. పిట్ట మాత్రలు మింగదు. అందుకని పిన్నుతో పొడిచి, లోపలి నూనె అరటిపండులో పిసికి కలిపాను. ఏదో వాసనొస్తోందంది. తినేసింది.

అత్తయ్యకి చెప్పలేదు. చెబితే వంద ప్రశ్నలు. గురువారం మా షాపుకి కళ్ళ డాక్టరు వస్తారు, ఆయన్నీ అడగలేదు. ఈ ఒక్క పనైనా ఎవరి పర్మిషనూ లేకుండా నేనే చెయ్యాలనిపించింది.

జూన్ 21

పదిహేను రోజులైంది, పిట్ట ఒక్కసారి కూడా పడలేదు. మా ఆయన లిఫ్ట్ మెకానిక్కు, చేతిలో పని. మెట్ల దగ్గర కొత్త బల్బు పెట్టారు. కానీ పనిచేసింది నా మందే. ఇవాళ్టి నుంచి రోజుకి రెండు.

జూలై 15

పిట్ట పెదాలు పగిలి రక్తం వస్తోంది. దువ్వితే దువ్వెన నిండా జుట్టు. నీళ్ళు పడలేదేమో అంది అత్తయ్య. అయ్యుంటుందన్నాను.

జూలై 29, ఉదయం 7

లేస్తూనే వాంతి. తలనొప్పి. కాళ్ళ ఎముకలు లాగుతున్నాయట. బడి మాన్పించాం. నీరసంగా ఉంది కదా అని అరటిపండు మాత్రం ఎలాగోలా తినిపించాను.

ఆగస్టు 2

టీవీలో ఇద్దరిద్దరు కనపడుతున్నారంది. జోకు అనుకుని ఆయన నవ్వారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. ఒక కన్ను ముక్కు వైపుకి తిరిగి ఉంది.

బాత్రూంలో గడియ పెట్టుకుని, మందు డబ్బాలోని కాగితం తీశాను. చీమ తలకాయంత అక్షరాలు. తలనొప్పి, వాంతులు, జుట్టు రాలడం, రెండేసి కనపడడం. వరసగా పిట్ట గురించే రాసినట్టుంది. పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదట.

డబ్బా పారెయ్యడానికి కూడా భయమేసింది. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి జిప్పు వేశాను.

ఆగస్టు 3, ఉదయం 11

ఆస్పత్రి. డాక్టరమ్మ పిట్ట కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. కంటి వెనక నరం ఉబ్బిందట. తలలో ప్రెషర్ పెరిగిందట. గడ్డ ఉందేమో స్కాన్ చెయ్యాలంది. మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏం లేదన్నారు ఆయన. డాక్టరమ్మ నా వంక చూసింది.

లేదన్నాను.

అదే రోజు, సాయంత్రం 4

సవతి తల్లి తిండిలో ఏదో కలిపింది. ఎవరైనా ఇలాగే చెప్పుకుంటారు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆగస్టు 4

గడ్డ లేదు. అత్తయ్య గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నాకు మాత్రం ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. గడ్డ కాకపోతే ఇక నేనే.

వెన్నులో సూది వేసి నీరు తీస్తారట. సంతకానికి కాగితం ఇచ్చారు. ఆయన పెన్ను పట్టుకుని నా వైపు తిరిగి, నువ్వు లేకపోతే ఈ రెండ్రోజులూ నిలబడేవాణ్ణి కాదు అన్నారు.

ఆ మాట భరించలేకపోయాను. జిప్పు ఇరుక్కుంది. గట్టిగా లాగి, డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

"నేనే పెట్టాను," అన్నాను.

"రోజుకెన్ని?"

"మొదట ఒకటి. తర్వాత రెండు. రెండు నెలల నుంచి."

ఆవిడ నన్ను తిట్టలేదు. నర్సుని పిలిచి, రక్తం పరీక్షల్లో ఇంకో రెండు చేర్పించింది. ప్రెషర్ దించడానికి సూది తప్పదంది.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. అత్తయ్య మాత్రం కదల్లేదు.

"మంచికే పెట్టినదానివి దాచి ఎందుకు పెట్టావమ్మా?"



ఆగస్టు 9

ఇంటికొచ్చాం. ఆయన నాతో మాట్లాడ్డం లేదు.

ఆగస్టు 14

రిపోర్టు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. విటమిన్ ఎ కాలేయంలో నిలవుంటుందట. అది నూనెలాంటిది, రక్తంలో తనంతట తాను కలవదు. అందుకని ఒక్కో విటమిన్ అణువుకీ ఒక్కో చిన్న ప్రోటీన్‌ని తోడిచ్చి పంపుతుందట కాలేయం. ఆ జంట కిడ్నీలోంచి జారిపోకుండా ఇంకో పెద్ద ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. అవసరమున్న చోటికి చేర్చి అప్పగిస్తాయి. ఎన్ని తోడుంటే అన్నే బయటికెళ్ళాలి.

పిట్ట కాలేయం నిండి పొర్లిందట. తోడు లేనివి రక్తంలోకి వచ్చేసి, తగిలిన కణాన్నల్లా పాడు చేశాయట. మోసే ప్రోటీన్ మామూలుగానే ఉంది. విటమిన్ దానికి ఎన్నో రెట్లుంది.

అసలు లోపమేదీ ఎప్పుడూ లేదేమో, మెట్ల దగ్గర చీకటిగా ఉండేదేమో అందావిడ. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

కన్ను సర్దుకుంటుందట. నిలవున్నది కరగడానికి నెలలు పడుతుంది. నెలలంటే ఎన్నని అడిగాను. చెప్పలేనంది.

ఆగస్టు 15

పిట్టకి నువ్వే చెప్పు అన్నారు ఆయన. పదకొండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. చెప్పాను. అరటిపండులోనా అని అడిగింది. అవునన్నాను. రోజూనా అంది. అవునన్నాను. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఆగస్టు 22

నా చేత్తో ఇస్తే ఏమీ తినడం లేదు. బ్రెడ్డు పెడితే విప్పి చూస్తోంది.

ఆగస్టు 27

దాహం, పిన్నీ అంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. గ్లాసు తెచ్చాను.

"ముందు నువ్వు తాగు."

తాగాను. కన్నార్పకుండా నన్నే చూసింది. చాలాసేపు. తర్వాత చెయ్యి చాపింది.