సూదికి తోడు

జూలై 3, 2024. నస్పూర్

ఖానాపూర్ నుంచి మమతారాణి వదినె వచ్చింది. వాళ్ళమ్మకు, అంటే మా అత్తమ్మకు, షుగర్ తగ్గించే పొడి తెచ్చింది. తనే మీటింగులు పెట్టి అమ్ముతోందట. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. కూతురు తెచ్చింది కాబట్టి అత్తమ్మ ముఖం చిట్లించకుండా తాగింది.

ఇన్సులిన్ సూది మాత్రం నేనే వెయ్యాలి. మా ఆయన ఓంప్రకాశ్‌కు తల్లిని గుచ్చాలంటే చేతులు వణుకుతాయట. బొగ్గు గనిలో మందుగుండు పేల్చే మనిషి!

జూలై 12

అత్తమ్మకు చెమటలు, వణుకు, నోటికొచ్చిన బూతులు. మీటర్ పెట్టి చూస్తే షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజ్ కలిపి తాగించాను. తేరుకోగానే గ్లాసు నా మీదికి విసిరింది. "నా బిడ్డ మందుతోని బాగైతుంటే ఓర్వలేక ఏం తాపినవే?"

జూలై 15

డాక్టరుకు పొడి చూపించాను. ఇట్లాంటి వాటిలో షుగర్ గోలీలు నూరి కలుపుతారట. "వట్టి సూదికి ఇంత పడదమ్మా. గీ పొడి తోడైతే ఒక్క సూది రెండు సూదుల పని చేస్తది. తినకుంటే మనిషి లేవది. బంద్ చెయ్యిండ్రి" అన్నాడు.

ఇంట్లో చెప్పాను. ఓంప్రకాశ్ వెంటనే అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. వదినె ఏడ్చింది. "నా తల్లికి నేను విషం పెడుతనా తమ్మీ? అవ్వ బాగుపడుడు నీ పెండ్లానికి ఇష్టం లేదు."

ఫోన్ పెట్టేసి నా చెంప మీద కొట్టాడు. అత్తమ్మ చూస్తూ పొడి కలుపుకుంది.

జూలై 16

పంటి నొప్పా టీచర్ అని పిల్లలు అడిగారు. అవునన్నాను.

జూలై 29

బాపు లేడు.

నిన్న ఆదివారం. నేను వెనక బట్టలు ఉతుకుతుంటే మంథని నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అత్తమ్మ ఎత్తింది. విన్నది. నా ఫోన్ స్విచాఫ్ చేసి పరుపు కింద పెట్టింది. ఓంప్రకాశ్ డ్యూటీలో ఉన్నాడు, గనిలో ఫోన్లుండవు. వదినె అత్తగారి వాళ్ళు భోజనానికి వస్తున్నారు. మటన్ వండాను. వడ్డించాను. బాగుందని మళ్ళీ వేయించుకున్నారు.

అంట్లు తోమి చేతులు తుడుచుకుంటుంటే చెప్పింది. "పొద్దుగాల మీ తమ్ముడు ఫోన్ చేసిండు. మీ బాపు పోయిండట. అప్పుడే చెప్తే వంటెవరు చేస్తరు?"

నేను మంథనిలో దిగేసరికి తమ్ముడు గోదారి నుంచి తడిబట్టలతో తిరిగొస్తున్నాడు. శానసేపు చూసినమక్కా అన్నాడు.

ఆగస్టు 6

వదినె రెండేసి చెంచాలు తాగమందట. అత్తమ్మ తాగుతోంది. నేనేమీ అనలేదు.

ఆగస్టు 12, ఉదయం

శ్రావణ సోమవారం. అత్తమ్మ ఒక్కపొద్దు. సూదికి ముందు ఏదైనా తినమని రోజూ బతిమాలేదాన్ని. ఈరోజు అడగలేదు. పొడి తాగి చెయ్యి చాపింది. "ఎయ్యవే, ఏం చూస్తున్నవ్?"

వేశాను. ఎప్పటి కొలతే, చుక్క ఎక్కువ కాదు. తలుపు దగ్గరికి వేసి స్కూల్‌కు వచ్చాను. తెలిసే వచ్చాను.

టెన్త్ వాళ్ళకు సమాసాలు చెప్పాను. చాలా బాగా చెప్పాను.

ఆగస్టు 12, సాయంత్రం

మూడో పీరియడ్‌లో పక్క క్వార్టర్ రబియా ఫోన్ చేసింది. "దీదీ, జల్దీ రా. మీ అత్తమ్మ లేస్తలేదు. నోట్లె నురగ!" వస్తున్నానన్నాను. పాఠం పూర్తి చేసి బయలుదేరాను.

ఆగస్టు 19

ఐసీయూలో కళ్ళు తెరిచింది. చూపు ఎవరి మీదా నిలవదు. మెదడు దెబ్బతింది, ఇక మామూలు మనిషి కాదన్నారు. తినకుండా సూది వేశారా అని అక్కడి డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఓంప్రకాశ్ అందుకున్నాడు. "నా భార్య టీచర్ సార్. గట్ల చెయ్యది. అవ్వనే ఒక్కపొద్దని తినకుంట ఉన్నది."

పెళ్ళయ్యాక నా తరఫున మాట్లాడటం ఇదే మొదటిసారి.

వదినె అక్కడే వరండాలో ఓంప్రకాశ్ చేతికి రాఖీ కట్టింది. తర్వాత నన్ను పక్కకు లాగి చెయ్యి పట్టుకుంది. "పొడి సంగతి ఎవ్వలకు చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత." చెప్పనన్నాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. నాకు ఆకలేసింది. క్యాంటీన్‌లో రెండు ఇడ్లీలు తిన్నాను.

సెప్టెంబర్ 9

అత్తమ్మను ఇంటికి తెచ్చాం. వదినె వాట్సాప్ స్టేటస్‌లో అత్తమ్మ పాత ఫోటో: "మా అవ్వ షుగర్ నార్మల్!" కింద ఫోన్ నంబర్.

సెప్టెంబర్ 21

నాతో ఉద్యోగం మాన్పించారు. నువ్వు తప్ప అవ్వను ఎవరు చూస్తరు అన్నాడు ఓంప్రకాశ్, ప్రేమగా.

అక్టోబర్ 4

స్నానం చేయించి పడుకోబెట్టాను. లేవబోతే కొంగు పట్టుకుంది.

"అవ్వా, పోకు" అంది నాతో.

కూర్చున్నాను.