నలుగురి బల్ల

సెతూబల్, అక్టోబరు

ప్రియమైన నాన్నకు,

పెద్దవాళ్ళకు చదవడం, రాయడం నేర్పే నా బడి మొదలైంది. అందరూ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళే. బోర్డు మీద రాసి, విడమరిచి చెప్పి, అర్థమైందా అంటే తలలూపారు. రెండో వారానికి సగం మంది రాలేదు. దెయోలిందా అనే ఆవిడ రేవు దగ్గర కనబడితే అడిగాను. "అందరి ముందూ తప్పు చదివితే రేపు ఫ్యాక్టరీలో చెప్పుకుని నవ్వుతారు టీచరమ్మా" అంది. అందుకే బెంచీలు జరిపి, బల్లకు నలుగురేసి కూర్చోబెడుతున్నాను. ఏమంటారు?

ఫోన్లో నేనొకటి అడిగితే మీరొకటి చెబుతున్నారేం?

మీ గ్రసియెట్

బేజా, నవంబరు

గ్రసియెట్ తల్లీ,

నేను పాఠం చెబుతుంటే ఈగ కూడా రెక్క కదిపేది కాదు. నువ్వు బడిని కాఫీకొట్టు చేస్తున్నావు. చూస్తూండు, ప్రతి బల్ల దగ్గరా నోరున్నదే మాట్లాడుతుంది, మిగతావాళ్ళు గోళ్ళు చూసుకుంటారు.

ఫోను లైను బాగాలేదు. అయినా ఈమధ్య ఈ ఊళ్ళో అందరూ గొణుగుతున్నారు. డామినోల ఆటకు వెళ్ళడం మానేశాను.

ముద్దులతో, నాన్న

సెతూబల్, డిసెంబరు

ప్రియమైన నాన్నా,

మీరన్నట్టే అయింది. దెయోలిందా ఒక్కతే మాట్లాడింది, అదే బల్ల దగ్గరి ఫిలొమెనా పెదవి విప్పలేదు. అందుకని పనులు పంచాను. ఒకరు చదవాలి, ఒకరు రాయాలి, ఒకరు ప్రశ్నలడగాలి, ఒకరు మిగతా బల్లలకు చెప్పాలి. వారం వారం వంతు మారుతుంది. మొన్న ఫిలొమెనా ఫ్యాక్టరీ నోటీసును కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. దెయోలిందా మధ్యలో అందుకోకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ ఆగింది. "ఇంకోసారి చదవనా?" అని ఫిలొమెనాయే అడిగింది.

బాల్తజార్ మామయ్య ఫోన్ చేశాడు. వెనకనుంచి పిలిస్తే మీరు తిరిగి చూడటం లేదట. నాన్నా, లైను బాగానే ఉంది. మీ ఊరి ఆసుపత్రిలో వినికిడి తగ్గినవాళ్ళకు పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతున్నారట. కోప్పడినా సరే, వెళ్ళండి.

మీ గ్రసియెట్

బేజా, మార్చి

నా బంగారు తల్లీ,

కోపం వచ్చి ఇన్నాళ్ళూ రాయలేదు. కానీ వెళ్ళాను.

పంతులమ్మ బోర్డు వైపు తిరిగి చెబుతోంది. ఒక్క ముక్క అందలేదు. అర్థమైందా అంటే నేనూ తలూపాను. మానేద్దామనుకుని, మళ్ళీ లేచి, "మా అమ్మాయి బల్లకు నలుగురిని కూర్చోబెడుతుంది, మమ్మల్నీ అలా కూర్చోబెట్టండి" అన్నాను. కూర్చోబెట్టింది.

నా బల్ల దగ్గర ఒక బస్సు డ్రైవరు, ఒక సన్యాసిని, యులాలియా అనే దర్జీ ఆవిడ. ఒకరు గొంతు లేకుండా మాట అంటే మిగతావాళ్ళు పట్టుకోవాలి. యులాలియా నన్ను చూసి ఏదో అడిగింది. రొట్టె అనుకుని సంచిలోంచి తీసిచ్చాను. ఆమె అడిగింది చెయ్యి. మన పోర్చుగీసులో రొట్టెను పావ్ అన్నా, చేతిని మావ్ అన్నా పెదవులు ఒక్కలాగే కదులుతాయి కదా. ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు తల్లీ.

ఆమె రొట్టె తీసుకుంది. చెయ్యి కూడా పట్టుకుంది.

ఆమెను వచ్చే ఆదివారం భోజనానికి పిలిచాను. నువ్వూ రా. నాకు ఎదురుగా కూర్చుని, మెల్లగా మాట్లాడు.

నీ నాన్న, అన్సెల్మో