నువ్వు రాయించిన లీటరు పాలు

అమ్మా,

కొన్నేండ్లకోసారి మన చిలకలగూడ ఇంటికే వచ్చి, ఏం తింటున్నరో రాసుకపోయే సర్వే సార్ ఇయ్యాల మళ్ల వచ్చిండు. పోయినసారి నువ్వే రాయించినవ్: రోజుకు లీటరు పాలు, ప్రతి ఆదివారం మటన్. పాలు లేని నా చాయ్ గ్లాసు ఆయనకు కనబడొద్దని కొంగు కింద దాచినవ్. నాకు ఒళ్లు మండింది.

అందుకే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పిన. పాలు లేవు, మటన్ క్రిస్మస్‌కే అన్న.

సార్ పాత కాగితాలు తిరగేసిండు. "అమ్మ పోయినంక ఇల్లు ఇంత చితికిపోయిందా?" అన్నడు.

మేం ఎప్పుడూ గింతే అని చెప్దామని నోరు తెరిచిన. అట్ల చెప్తే నువ్వు అబద్ధాలు చెప్పినవని రాసుకుంటడు.

"అవును సార్" అన్న.

ఇప్పుడు ఆ కాగితాలల్ల మనం దిగజారినోళ్లం. ఎన్నడు పైకెక్కినమమ్మా, దిగజారనీకి?