లివ్‌కీ లీవ్‌కీ తేడా

శనివారం, బందరు

ఇవాళ నడిరోడ్డు మీద ఒకణ్ణి "సిగ్గులేదూ?" అని అడిగాను. ఆ మాట ఇప్పుడు నన్నే పట్టుకు పీకుతోంది.

కోనేరు సెంటర్లో నేనెక్కిన ఆటో ఎడమకు తిరగబోయి ఒక బైకుకి తగిలింది. బైకువాడు అంతకుముందు నుంచీ హారన్ కొడుతూనే ఉన్నాడు. దిగడం దిగడమే డ్రైవర్ని కాలరు పట్టి బయటికి లాగి, హెల్మెట్‌తో మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లి చొక్కా అంతా రక్తం. "చెవుడా నీకు?" అంటూ మళ్లీ ఎత్తాడు. నేను మధ్యలో దూరాను. "సిగ్గులేదూ, మనిషిని అలా కొడతావా? వదులు!"

వాడు పోయాక డ్రైవరు నన్ను చూసి, రక్తం తుడుచుకుంటూ నవ్వాడు. జుట్టు సగం నెరిసింది.

"టీచరుగారండీ, నేను ఏసోబునండి. సెవెంత్ మీ దగ్గరే చదివానండి. లివ్ అంటే బతకడం, లీవ్ అంటే వదిలెయ్యడం. మీరు కొట్టారు కదండీ, ఇంక మర్చిపోలేదండి."

అప్పుడు గుర్తొచ్చాడు. ఆ రెండు మాటల అర్థాలూ తారుమారు చేశాడని క్లాసందరి ముందూ చెంప పగలగొట్టాను. చెవి పట్టుకుని కూలబడితే, నటిస్తున్నాడని అక్కడే ఇంకోటి వేశాను.

మళ్లీ ఆటో ఎక్కి మా వీధికి దారి చెప్పబోతే ఏసోబు తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. "ఇటు చెప్పండి టీచరుగారూ, అటు వినపడదండి."

ఎడమ చెవి ఎప్పట్నుంచి వినపడదని నేను అడగలేదు. నాది కుడిచేతి వాటం.