ఇంటిమాట మాన్పించమన్న సలహా గురించి

రాళ్ళకుంట గ్రామం,
శింగనమల ఫిర్కా, అనంతపురం తాలూకా.
తేది 18-11-1962.

జిల్లా విద్యాధికారి వారి సముఖమునకు, పాత్రలకు కళాయి వేసుకొని బతుకు రహంతుల్లా విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: రెండు భాషలు వినబడు ఇండ్లలో పిల్లల బుద్ధి మందగించునని చెప్పు పరిశీలన పుస్తకమును, పిల్లలను మరల పరీక్షించువరకు, తల్లిదండ్రులకు చదివి వినిపించకుండ ఆపుట.

1. నేను ఎనిమిదవ తరగతి వరకు చదివినవాడను. 1959 ఆగస్టు నెలలో పిల్లల మనసులను పరిశీలించు బృందమొకటి జీపులో మా ఊరి బడికి వచ్చి, ఇరవైముగ్గురు పిల్లలను ప్రశ్నలడిగి పోయినది. ఆరేండ్ల నా కూతురు మహబూబున్నీసా వారిలో ఒకతె. కొన్ని నెలలకు వారి చిన్న పుస్తకము అచ్చయి బడికి చేరినది. ఉర్దూ మాట్లాడు ఇండ్ల పిల్లలు తొమ్మిదిమందికి మార్కులు తక్కువ వచ్చినవనియు, ఇంట ఒక భాష, బడిలో ఒక భాష ఉండుటే కారణమనియు, పదేండ్లు నిండువరకు ఇంటిలో కూడ బడిభాషనే మాట్లాడుట మేలనియు అందులో ఉన్నది.

2. హెడ్మాస్టరు గంగాధరప్పగారు నన్ను పిలిపించినారు. ఆయన మంచి మనిషి. నా బిడ్డ మేలు కోరియే చెప్పినారు.

"ఏమప్పా రహంతుల్లా, పాప మందబుద్ధి అయితాదని రాసినారు. ఇంట్లో మీ మాట ఆపేయండప్పా. అంత సదువులు సదివినోళ్ళు చెప్పినాక మనం కాదంటే ఎట్లా?"

ఆ దినము నేను ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. పుస్తకము చేతికి తీసుకొని చూడనైనా లేదు. అచ్చయిన మాట కదా అని నమ్మినాను.

3. నా భార్య గౌస్‌బీ గుల్బర్గా వైపు పిల్ల. ఆమెకు వచ్చిన తెలుగు అంగడిలో ఉప్పు అడిగేందుకు సరిపోయేదంతే. పాపతో ఉర్దూ మాట్లాడవద్దని నేను చెప్పినప్పుడు, "మరి నా బిడ్డను నేను ఏమని పిలవాల?" అని తన భాషలోనే అడిగింది. తెలుగు నేర్చుకోమన్నాను. "అన్నం తిను", "నీళ్ళు పోసుకో", "పండుకో" అన్నవి నేర్చుకుంది. ఆ మూడు మాటలతో ఏడాదికి పైగా బిడ్డను సాకింది. అంతకుముందు పాపకు తల దువ్వుతూ తన పుట్టింటి కబుర్లన్నీ చెప్పేది, పాప కిలకిల నవ్వుతుండేది. తర్వాత తల దువ్వడం మాత్రం మిగిలింది. నన్ను "అబ్బా" అని పిలిచే పిల్ల "నాయనా" అనడం మొదలుపెట్టింది. హెడ్మాస్టరుగారు మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడినాను. అయ్యా, ఈ సంగతి దాచకుండా రాస్తున్నాను.

4. 1961 ఏప్రిల్‌లో గౌస్‌బీకి విషజ్వరం వచ్చింది. ఎనిమిదో దినం మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "బేటీ, ఇధర్ ఆ. కుచ్ బోల్నా హై" అని పిలిచింది. బిడ్డా, ఇట్లా రా, ఒక మాట చెప్పాల అని. పాప గడప దగ్గరే నిలబడి నా మొగం చూసింది.

"నాయనా, ఉర్దూలో పిలుస్తాండాది. పోవచ్చునా?"

"పో తల్లీ, పో" అని నేను అనేసరికి గౌస్‌బీ కళ్ళు మూతపడినాయి. పాప దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నా మళ్ళీ తెరవలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. ఆమె చెప్పాలనుకున్న మాట ఏమిటో మా ఇద్దరికీ తెలియదు.

5. ఆ తర్వాత ఆ పుస్తకమును అడిగి తెచ్చుకొని ఆరు నెలలు చదివినాను. అర్థం కాని మాటలు హెడ్మాస్టరుగారినే అడిగినాను. పడవ బొమ్మ చూపి ఇదేమిటన్నప్పుడు నా కూతురు "ఎద్దులు నీళ్ళు తాగే తొట్టి" అన్నదట. అది తప్పు కింద రాసుకున్నారు. నేను కూడ పడవను ఎన్నడూ చూడలేదు. మా పిల్లలను పోల్చి చూసినది టౌనులోని ఉద్యోగస్తుల పిల్లలతో. ఉర్దూలో ఒక్క ప్రశ్న అడగలేదు గనుక ఆ భాషలో బిడ్డకు ఏమేమి తెలుసునో వారికి తెలియదు.

అన్నిటికన్న నన్ను బాధించునది పదిహేడవ పుట. కూలిపని చేయు నాగప్ప పిల్లలు ముగ్గురికి తెలుగు తప్ప వేరొకటి రాదు. వారికీ నా కూతురి మార్కులే వచ్చినవి. "ఆకలి కారణము కావచ్చు" అని రాసి, వారిని లెక్కలోనుండి తీసివేసినారు. ఆ ఏడు వాన లేదు. నాగప్ప ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఒక్క పూటే సంకటి. ఆ ఇంటి ఆకలి మా ఇంటికి వచ్చేసరికి భాష ఎట్లయినది?

వారు అబద్ధమాడినారని నేననను. వారి మాట నిజమో కాదో తేల్చు చదువు నాకు లేదు. అది ఇంకను రుజువు కాలేదని మాత్రమే నా మనవి. "కావచ్చు" అను మాట ఆ పుస్తకములో పదకొండు చోట్ల ఉన్నది. మా ఇల్లు చేరేసరికి ఒక్కటీ మిగలలేదు.

6. పోయిన వారం హెడ్మాస్టరుగారు మా పక్కింటి పీరాసాబును బడికి పిలిచి అదే పుస్తకము చదివి వినిపించినారు. అతని భార్య జుబేదాబీ నా వద్దకు వచ్చి, "అన్నా, చంటిదానికి జోల గూడా పాడగూడదంట. నువ్వు చదివినావు కదా, నిజమేనా?" అని అడిగినది. పాడమ్మా అని చెప్పినాను. అచ్చు పుస్తకమునకు ఎదురుగా కళాయివాని మాట ఎంతవరకు నిలుచునో తెలియక ఈ అర్జీ పెట్టుకొనుచున్నాను.

కావున ఈ పిల్లలనే, కడుపునకు పెట్టిన పిదప, రెండు భాషలలోను, వారు ఎరిగిన వస్తువులను చూపి మరల పరీక్షింపజేసి, అంతవరకు ఆ సలహా ఏ తల్లికిని చెప్పకుండ ఉత్తర్వు చేయవలెనని, ఈ నాలుగు ముక్కలు తమరు ఓపికతో చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
రహంతుల్లా

తా.క.: పనిలో నా కుడిచేతి వేళ్ళు కాలినందున సాఫు ప్రతి నాలుగో తరగతి చదివే నా కూతురు రాసింది. నాలుగో పేరా దగ్గర కలం ఆపి, "నాయనా, నేను నిన్ను అడక్కుండా పోయింటే అమ్మ చెప్పిండునా?" అంది. చెప్పిండును, తప్పు నీది కాదు, నాది అన్నాను. కలం మళ్ళీ సిరాలో ముంచింది. తర్వాత, "ఈ మాట గూడా రాయల్లా?" అని అడిగింది. రాయమన్నాను.